పిడుగు గోతికి కావిడి నీళ్ళు

సైన్సు మాస్టారు పోయారన్న సంగతి నాకు రెండేళ్ళు ఆలస్యంగా తెలిసింది. పాడేరు బస్టాండులో ఒకావిడ నన్ను ఆనవాలు పట్టి, వంగి దణ్ణం పెట్టి, తాను మా ఆశ్రమ పాఠశాలలో చదువుకున్నాననీ ఇప్పుడు నర్సుగా చేస్తున్నాననీ చెప్పింది. ఆ కబురూ ఈ కబురూ అయ్యాక ఆ మాట వచ్చింది. "మీకు తెలీదేటి మాస్టరూ? రెండేళ్ళయిపోనాది." తెలీదన్నాను. ఇంతలో బస్సు వచ్చి ఆవిడ ఎక్కేసింది. నేను ఎక్కవలసిన బస్సూ అదే. ఎక్కకుండా అక్కడే సిమెంటు బల్ల మీద కూర్చున్నాను.

నా వయసులో చావు కబుర్లు కొత్త కాదు. వినడం, "అయ్యో" అనడం, కాఫీ చల్లారకముందే తాగేయడం అలవాటైపోయింది. ఈ కబురు మాత్రం ఆ దారిన పోలేదు. ఆయన గురించి ఎవరికైనా ఒకమాట చెప్పాలని నలభై ఏళ్ళ పైబడి అనుకుంటూనే ఉన్నాను. చెప్పడానికి ముందు అలసట, తర్వాత సిగ్గు అడ్డొచ్చాయి. ఇప్పుడు రెండూ ముదిరిపోయాయి కనక రాస్తున్నాను.

ఆయన్ని మొదట చూసిన సాయంత్రం నాకు బాగా గుర్తు. ఏజెన్సీకి బదిలీ అంటే ఆ రోజుల్లో మైదానం మేష్టర్లకి శిక్ష కిందే లెక్క. డుంబ్రిగుడలో జీపు దిగి, ట్రంకుపెట్టె ఒకరి నెత్తిన పెట్టించి, మూడు మైళ్ళు కొండదారిన నడిచి, మార్చి ఎండలో నాలుక పిడచకట్టి బడికి చేరాను. మిట్ట మీద రేకుల కప్పుతో ఒక పొడవాటి హాస్టలు గది. దాని వెనక ఒక పొట్టి మనిషి, నలభై దాటినవాడు, మోచేతి దగ్గర చిరిగిన స్వెటరుతో, భుజాన కావిడి వేసుకుని నిలబడ్డాడు. రెండు కిరసనాయిలు డబ్బాల నీళ్ళు కుంటుకుంటూ మోసుకొచ్చి, ఏమీ లేని ఒట్టి నేల మీద నెమ్మదిగా పోస్తున్నాడు.

"ఏం మొక్క వేశారండీ?" అన్నాను, పలకరింపుగా.

"మొక్క కాదండి. ఉప్పూ బొగ్గూ పాతాను," అన్నాడాయన, రెండో డబ్బా వంచుతూ. "మీరేనా కొత్త తెలుగు పంతులుగారు? కూకోండి. ఈ నీళ్ళు ఇంకేదాకా నేను కదలకూడదు."

ఈ కొండలు మనుషుల్ని ఇలా చేస్తాయి కాబోలు, నాకెన్నేళ్ళు పడుతుందో అనుకున్నాను.

సంగతి తర్వాత తెలిసింది. హాస్టలు కప్పు మీద ఒక ఇనప కడ్డీ ఉండేది. దాన్ని పాఠ్యపుస్తకంలో తటిద్వాహకం అంటారు, పిల్లలు పిడుగు కడ్డీ అనేవారు. దాన్నించి ఒక రాగి పట్టీ గోడ వెంట దిగి నేలలోకి పోతుంది. నేలలో నిలువెత్తు గొయ్యి తీసి, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి, ఆ పట్టీని అందులో పాతారు. పిడుగు పడితే కడ్డీ మీద పడి, పట్టీ వెంట దిగి, గోతిలోంచి నేలలో కలిసిపోవాలి. కలవాలంటే ఆ గొయ్యి తడిగా ఉండాలి. ఎండాకాలంలో వారం రోజులు వదిలేస్తే ఆ నేల రాయవుతుంది. మామిడి పూత రాలే రోజుల్లోనేమో ఉన్నట్టుండి మబ్బు పట్టి ఉరుములు మొదలవుతాయి. అందుకని మాఘమాసం నుంచి వానలు నిలదొక్కుకునేదాకా రోజూ ఒక కావిడి. ఊట అరమైలు కింద ఉంది. ఆయన కుడి మోకాలు అరిగిపోయింది.

"పిల్లలు నలభై మంది ఉన్నారు కదా మాస్టారూ. తలా ఒక చెంబు తెచ్చినా సరిపోతుంది," అన్నాను ఒకసారి.

"ఈ నీళ్ళు ఆళ్ళకోసమే కదండీ. ఆళ్ళ చేతే మోయిస్తే ఏం బాగుంటాది?" అన్నాడు. అంతకుమించి ఎప్పుడూ వివరించలేదు.

ఆయనకి కొన్ని అలవాట్లుండేవి. ఎక్కడికి వెళ్ళినా వంగి నేలలో వేలు గుచ్చి చూసేవాడు. సంతలో చూసేవాడు, సాలూరు బస్టాండులో బస్సు కోసం నిలబడి కూడా చూసేవాడు. జనం ఏదో పారేసుకున్నాడనుకుని తామూ వెతికేవారు. మాట మధ్యలో మెరుపు మెరిస్తే ఆగిపోయి, "ఒకటి... రెండు... మూడు..." అని లెక్కపెట్టి, ఉరుము వినిపించాక, "దూరమేలెండి" అని, ఆగిన మాటని ఆగినచోటునుంచే అందుకునేవాడు. అన్నంలో వాళ్ళూ వీళ్ళూ ఉప్పు చాల్లేదని గోల పెడుతుంటే, ఈయన మాత్రం చప్పగా తినేసి, తన వంతు ఉప్పు చిన్న పొట్లం కట్టి జేబులో వేసుకునేవాడు. ఆ పొట్లాలన్నీ ఏడాదికోసారి గోతిలోకి పోయేవి. వంటమనిషి ఆయన్ని "ఉప్పు మాస్టరు" అనేవాడు, ముఖం మీదే.

నేను తెలుగు మేష్టర్ని. సంధులు విడదీయడం వచ్చు కానీ అణువుల సంగతి నాకెందుకు అనుకునేవాణ్ణి. అయినా ఒకరోజు ఖాళీ పీరియడులో, పోవడానికి వేరే చోటు లేక, ఆయన క్లాసులో వెనక కూర్చున్నాను. ఆ పూట నేర్చుకున్నది ఇంకా మర్చిపోలేదు.

కొండ పిల్లలు అడ్డ పిక్కలతో ఆడతారు. అడవిలో అడ్డతీగ కాయల్లోంచి తీసిన చప్పటి నల్లటి గింజలవి. ఆయన నేలమీద సుద్దతో గుండ్రాలు గీయించాడు. ఒకపక్క లోపలి గుండ్రంలో రెండు పిక్కలు, దాని బయట ఎనిమిది, ఇంకా బయట ఒకే ఒక్కటి. దాని దగ్గర ఒక అమ్మాయిని కూర్చోబెట్టాడు. రెండోపక్క రెండు, ఎనిమిది, బయట ఏడు. అక్కడొక అబ్బాయి.

"ఈ పిల్ల సోడియం. ఇదిగో, ఈ ఒంటి పిక్క దీనికి బరువు. ఎప్పుడొదిలిద్దామా అని సూస్తంది. ఈడు క్లోరిను. ఈడికి ఒక్కటి తక్కువ. ఒక్కటొస్తే వరస నిండుతాది. ఇప్పుడేటి సేస్తారు?"

"ఇచ్చేత్తాది," అన్నారు పిల్లలు.

అమ్మాయి పిక్క అవతలికి జరిపింది. "అంతే. పిల్ల ఇచ్చింది, ప్లస్సు అయింది. ఈడు పుచ్చుకున్నాడు, మైనస్సు అయ్యాడు. ఇందాకటిదాకా ఇద్దరూ మామూలు పరమాణువులు. ఇప్పుడు ఇద్దరికీ విద్యుత్తు ఎక్కింది. అయాన్లంటే ఈళ్ళే."

వెనక వరసలోంచి ఒక పిల్ల లేచింది. "ఇచ్చినోలికి తక్కువవ్వాల గదా మాస్టరూ. మరి ప్లస్సేటి?"

ఆయన ముఖం అంత వెలిగింది ఆ ప్రశ్నకి ఒక్కదానికే. ఆ పిల్లని ముందుకి పిలిచి, ఆ పిక్కని ఆమె చేతిలో పెట్టి చెప్పాడు. పరమాణువు నడిబొడ్డున ప్లస్సులుంటాయి, చుట్టూ అన్నే మైనస్సులుంటాయి, రెండూ సరిపోతాయి కనకే బయటికి ఏమీ తెలియదు. "ఈ పిక్క మైనస్సు జాతిది. మైనస్సు ఒకటి పోతే లోపలున్న ప్లస్సు ఒకటి మిగిలిపోతాది. అదీ సంగతి." ఆ తర్వాత ఇద్దరినీ చేతులు పట్టుకోమన్నాడు. ప్లస్సూ మైనస్సూ ఒకదాన్నొకటి వదలవు, అదే ఉప్పురాయి. ఎండు ఉప్పులో కరెంటు పోదు, ఎందుకంటే ఎవరూ కదలలేరు. అప్పుడు మిగతా పిల్లల్ని నీళ్ళన్నాడు. వాళ్ళు గుంపుగా వచ్చి చుట్టూ చేరి, చక్కిలిగింతలు పెట్టి ఇద్దర్నీ విడదీశారు. "ఇడిపోయి తిరిగినోళ్ళే కరెంటుని మోస్తారు. నీళ్ళు లేకపోతే ఇడిపోరు. అర్థమైందా నేను రోజూ ఏటి సేస్తన్నానో?"

నాకు అర్థమైంది. కరెంటు తీగ కూడా లేని బడిలో, లాంతర్ల కింద చదివే పిల్లలకి ఇది ఎందుకన్న ప్రశ్న మాత్రం ఉండిపోయింది.

నేను వెళ్ళిన రెండో ఏడు కార్తీకం తర్వాత చినుకు పడలేదు. గడ్డి మాడిపోయింది. ఊళ్ళో పశువులు ఉప్పు వాసన పట్టి, ఒక మధ్యాహ్నం గోతి మీద మట్టిని గిట్టలతో తవ్వి నాకడం మొదలుపెట్టాయి. బొగ్గు పైకి తేలింది. పశువుల వెనక వచ్చినవాళ్ళు చూశారు. హాస్టలు గోడ పక్కన, పిల్లలు పడుకునే చోటికి నాలుగడుగుల దూరంలో, బొగ్గూ ఉప్పూ పాతిపెట్టి ఉన్నాయి. రోజూ సందెవేళ ఒకాయన వచ్చి దాని మీద నీళ్ళు పోస్తున్నాడు. ఇంక వేరే ఏం కావాలి? చేతబడిని అక్కడ చిల్లంగి అంటారు. ఆ మాట సంతలో పుట్టి, సంత ముగిసేలోపే చుట్టుపక్కల ఊళ్ళకి చేరింది. సంత నుంచి ఇళ్ళకి పోవలసిన తల్లిదండ్రులు తిన్నగా బడికి వచ్చేశారు, పిల్లల్ని తీసుకుపోతామని. ఇంకో పది రోజుల్లో ఏడో తరగతి పరీక్షలు. ఒకసారి కొండెక్కి ఇంటికి పోయిన పిల్ల మళ్ళీ బడికి రావడం ఎంత కష్టమో మాకు తెలుసు. హెడ్మాస్టరు పని మీద పాడేరు వెళ్ళారు. ఉన్నవాళ్ళం మేమిద్దరమే.

ఊరిపెద్దని అక్కడ నాయుడు అంటారు. ఆయనే అందరికంటే ముందు నిలబడ్డాడు. "గొయ్యి పూడ్సీండి బాబూ. నేకపోతే పిల్లల్ని అట్టుకెల్లిపోతాం," అన్నాడు, కోపం లేకుండా.

మాస్టారు లోపలికి వెళ్ళి తన సరంజామా తెచ్చాడు. అద్దం పగిలిన మీటరు, మూడు టార్చిలైటు సెల్లులు, పాత సెల్లుల్లోంచి తీసిన రెండు కర్బన కడ్డీలు. "మంత్రం లేదు నాయుడూ. ఉత్త నీళ్ళల్లో ఈ ముల్లు కదలదు. ఉప్పేస్తే కదులుతాది. అంతే. నువ్వే సూడు."

"మీ నీళ్ళొద్దు, మీ ఉప్పొద్దు," అన్నాడు నాయుడు. భుజాన ఉన్న ఎండిన ఆనపకాయ బుర్ర దించి, దారిలో ఊటలో ముంచుకున్న నీళ్ళు అడ్డాకు దొప్పలో పోశాడు. సంతలో కొన్న ఉప్పు మూట విప్పి పక్కన పెట్టుకున్నాడు. మాస్టారు కడ్డీలు నీళ్ళలో పెట్టాడు.

ఉప్పు వేయకముందే ముల్లు చివరిదాకా కొట్టుకుంది.

జనం ఒక్కసారి వెనక్కి జరిగారు. ఒక తల్లి కూతురి రెక్క పట్టుకుని మెట్లు దిగిపోయింది. అయిపోయింది, ఇంక ఈయన్ని కొండ దింపడం ఎలాగా అని ఆలోచిస్తున్నాను. మాస్టారు మీటరు వంక చూశాడు, దొప్ప వంక చూశాడు. తర్వాత దొప్పలో వేలు ముంచి నాలుక మీద రాసుకున్నాడు. ఆయన నవ్వగా నేను చూడడం అదే మొదలు.

"నాయుడూ, పొద్దున్న ఈ బుర్రలో ఏటి తెచ్చుకున్నావు?"

"చోడి అంబలి."

"ఉప్పేసిందేనా?"

"ఉప్పు నేకుంట అంబలేటి?"

"తాగినాక బుర్ర కడిగావా?"

"అంబలి బుర్ర ఎవులు కడుగుతారు బాబూ?"

"అయితే ఈ నీళ్ళు తాగి సూడు."

నాయుడు పుక్కిట పట్టి, కాసేపు ఉంచుకుని మింగాడు. "ఉప్పగానే ఉన్నాది," అని ఒప్పుకున్నాడు. కొత్త దొప్పలో హాస్టలు కుండలోని నీళ్ళు నాయుడి చేత్తోనే ముంచి పోయించాడు మాస్టారు. ముల్లు కదిలీ కదలనట్టు వణికి ఊరుకుంది. నాయుడు తన మూటలోంచి చిటికెడు వేశాడు. ముల్లు లేచింది. ఇంకో చిటికెడు వేస్తే ఇంకా లేచింది. ఆయన చాలాసేపు దానివంకే చూశాడు.

"అయితే ఇది నాలికే," అన్నాడు చివరికి.

"నాలికే నాయుడూ."

అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది. జనం ముఖాలు తేటపడ్డాయి కూడా. కానీ నాయుడు తెలివైనవాడు, లేవకుండా ఇంకో మాట అడిగాడు. "మీరు ఇంతకుముందు పాడేరవతల బళ్ళో ఉండీవోరంట. అక్కడా ఇదే గొయ్యి తీసినారంట. అక్కడ పిడుగుకి ఇద్దరు గుంటలు సచ్చిపోనారంట. నిజమేనా బాబూ?"

నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. మాస్టారు మీటరు తీగలు చుట్టడం ఆపేశాడు.

"నిజమే."

"గొయ్యి ఉండగా ఎలాగ సచ్చిపోనారు?"

"నీళ్ళు పొయ్యలేదు," అన్నాడాయన. "శివరాత్రికి ఇంటికెళ్ళాను. నాలుగు రోజులు. ఎవరికీ సెప్పి ఎళ్ళలేదు. నేల ఎండిపోయింది. పిడుగు కడ్డీ మీదే పడ్డాది, దిగడానికి దారి లేక పక్కకి దూకింది. పక్కన కిటికీ ఊసలు పట్టుకుని వాన సూస్తన్నారు ఇద్దరు పిల్లలు. కడ్డీ ఉంది, బయ్యం లేదని ఆళ్ళకి సెప్పింది నేనే."

నలుగురు తండ్రులు పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయారు, వాళ్ళని నేను తప్పుపట్టలేను. మెట్లు దిగిపోయిన ఆ తల్లి మాత్రం కూతుర్ని రెక్క పట్టుకునే వెనక్కి తెచ్చింది. పిల్లని ఆయన ముందు నిలబెట్టి, "తప్పు ఒప్పుకున్నోలి కాడ నా గుంటని ఒగ్గెల్తన్నాను," అని తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. మర్నాడు నాయుడు మనుషుల్ని పంపి గోతి చుట్టూ ముళ్ళకంప కట్టించాడు.

ఆ సాయంత్రం ఊట దగ్గర ఆయనతో కూర్చుని అడిగాను. "పిడుగు దైవికం అనేస్తే సరిపోయేది కదా మాస్టారూ. ఎవరొచ్చి చూశారు?"

"ఆళ్ళు అడిగారు కదండీ," అన్నాడు, డబ్బాలు ముంచుతూ.

ఆ తర్వాతి ఏడు ఫాల్గుణంలో ఆయన అన్నగారు పోయారని టెలిగ్రాం వచ్చింది. పెంచి, చదివించిన అన్న. మాస్టారు కాగితం పట్టుకుని నా గదికి వచ్చి, గుమ్మంలోనే నిలబడ్డాడు. కళ్ళలో తడి లేదు, భయం ఉంది. "ఎళ్ళొస్తాను పంతులుగారూ. నాలుగో రోజుకి వచ్చేస్తాను. మళ్ళీ పదో రోజుకి ఎళ్తాను, పిండం దగ్గర నేనుండాలి. ఆ రోజులు మీరు..." అని ఆగిపోయాడు. "మీరు నిశ్చింతగా వెళ్ళండి, నేను పోస్తాను," అన్నాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

మొదటి రోజు పోశాను. కావిడి ఎలా మొయ్యాలో తెలియక సగం దారిలోనే ఒలికిపోతే, మళ్ళీ దిగి మళ్ళీ తెచ్చాను. రెండో రోజు భుజం కమిలిపోయింది, అయినా పోశాను. మూడో రోజు పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చున్నాను. లేద్దాం లేద్దాం అనుకుంటూనే సందె పడింది. ఒక్క పూటకి ఏమైపోతుంది అనుకున్నాను. ఆ మాట ఎంత సుఖంగా ఉంటుందో అలసిపోయినవాడికే తెలుసు.

దీపాలు పెట్టే వేళకి తూర్పు కొండ మీద మబ్బు లేచింది. చినుకు లేదు, ఒట్టి మెరుపులు. గాలి మామూలుగా కరెంటుని పోనివ్వదని, మబ్బులో పోగైన విద్యుత్తు హద్దు దాటితే గాలి అణువుల్లోంచి కూడా ఎలక్ట్రానులు ఊడిపోతాయని, అప్పుడు గాలే దారి ఇచ్చేస్తుందని ఆయన పిల్లలకి చెబుతుంటే విన్నాను. విన్నందుకు ఆ సాయంత్రం చాలా బాధపడ్డాను. నలభై మందీ ఆ రేకుల కింద కంచాలు కడుక్కుంటున్నారు. నేను వరండాలో నిలబడి లెక్కపెట్టాను. ఏడు. అయిదు. మూడు. మళ్ళీ నాలుగు, ఎనిమిది. మబ్బు అనంతగిరి వైపు పోయింది. ఏమీ జరగలేదు. ఆ పూటే కాదు, నేనున్నన్నాళ్ళూ ఆ బడి మీద పిడుగు పడనే లేదు.

పొద్దున్నే మాస్టారు వచ్చారు. రాత్రంతా ప్రయాణం చేసినట్టున్నారు, చేతిసంచీ కూడా దించలేదు. తిన్నగా హాస్టలు వెనక్కి నడిచి, ముళ్ళకంప తప్పించి, వంగి గోతిలో వేలు గుచ్చారు. నేను వెనకాలే వెళ్ళి నిలబడ్డాను.

"నిన్న పోశారాండీ?"

"పోశాను," అన్నాను.

ఆయన వేలు పైకెత్తి చూసుకున్నారు. దానికి అంటుకున్నది పొడి. పంచెకి తుడుచుకున్నారు.

"మంచిదండి. దూరం కదా, మీకు శ్రమ," అని సంచీ నా చేతికిచ్చి, కావిడి భుజాన వేసుకుని ఊటకి దిగిపోయారు.

పిలిచి నిజం చెప్పవలసింది. ఆ దారి మలుపు దాకా ఆయన కనిపిస్తూనే ఉన్నారు, బోలెడు వ్యవధి ఉంది. అంతమంది ముందు, తనని తరిమేస్తారని తెలిసీ ఆ మనిషి చెప్పగలిగినది, నేను ఒక్క మనిషి వీపుకి చెప్పలేకపోయాను. తర్వాత చెబుదామనుకున్నాను. ఆ తర్వాత నాకు బదిలీ వచ్చింది.

అన్నగారి పదో రోజుకి ఆయన వెళ్ళలేదు.